పీసీఆర్‌లో (వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే ల్యాబ్ టెస్టు) నెగటివ్ వచ్చినా రొయ్యల్లో వైరస్ ఉండొచ్చా? వైరస్ జన్యువులు మారడమే కారణమా?

ఉండొచ్చు. జన్యు మార్పులే కారణమా అన్నది మాత్రం వైరస్‌ను బట్టి ఉంటుంది.

తెల్లమచ్చ వ్యాధిని తెచ్చేది డీఎన్ఏ వైరస్. దాని జన్యు పదార్థం సుమారు 3 లక్షల బేస్ జతల పొడవు. అందులో కొన్ని చోట్ల ముక్కలు ఊడిపోవడం, చిన్న వరుసలు పదేపదే రిపీట్ కావడం వల్ల రకరకాల స్ట్రెయిన్లు కనిపిస్తాయి. వ్యాధి ఎటు నుంచి పాకిందో ఆరా తీయడానికి ఈ తేడాలు బాగా పనికొస్తాయి. టెస్టుకు మాత్రం పెద్దగా మారని భాగాన్నే ఎంచుకుంటారు. కాబట్టి నన్నడిగితే ముందు అనుమానించాల్సింది శాంపిల్‌నే. లక్షల రొయ్య పిల్లల్లో 2 శాతానికే వైరస్ ఉంటే, 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే దాదాపు 150 పిల్లల్ని పరీక్షించాలి. పదింటితో సరిపెడితే ఆ నెగటివ్ రిపోర్టుకు విలువేముంది? పెద్ద రొయ్యలైతే మొప్పలు, ఈతకాళ్లు పంపండి. కళ్లు వద్దు, వాటిలో పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థాలుంటాయి.

ఎల్లోహెడ్, టౌరా లాంటి ఆర్ఎన్ఏ వైరస్‌ల సంగతి వేరు. అవి త్వరగా మారతాయి. టెస్టులో వైరస్ జన్యువును గుర్తుపట్టే చిన్న డీఎన్ఏ ముక్క (ప్రైమర్) అతుక్కునే చోటే మార్పు వస్తే టెస్టుకు దొరక్కపోవచ్చు.

ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ అనే మరో రొయ్యల వైరస్‌తో తిరకాసు మరోలా ఉంటుంది. కొన్ని టైగర్ రొయ్యల సొంత డీఎన్ఏలోనే ఈ వైరస్ ముక్కలు కలిసిపోయి ఉంటాయి. అసలు ఇన్ఫెక్షన్ లేకున్నా పాజిటివ్ వచ్చి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. అప్పుడు ఆ ముక్కలను పట్టుకోని ప్రైమర్లతో మళ్లీ పరీక్షించమని ల్యాబ్‌ను అడగాలి.