దోమల శిబిరం చరిత్ర కోసం ఉత్తరాలు రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పగలంతా డెంగ్యూ వార్డులో గడిపి, అదే చారల దోమ 1900లో క్యూబాలో మోసుకు తిరిగిన ఎల్లో ఫీవర్ గురించి రాత్రిపూట చదువుతున్నానని, ఆ ప్రయోగాల చరిత్ర రాయాలని ఉందని, అందుకోసం ఎవరికి ఎలా ఉత్తరాలు రాయాలో చెప్పమని అడిగావు. మన జిల్లాలో మశూచి టీకాలు వేసిన రోజుల గురించి పదేళ్ళపాటు ఉత్తరాలు రాసి, కొంత సంపాదించి, అంతకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాణ్ణి గనుక నాకు తెలిసింది చెబుతాను. అయితే సరిగ్గా నీ విషయంలోనే నాకంటే ఎన్నో రెట్లు పెద్దవాడైన గురువు ఒకాయన ఉన్నాడు. ముందుగా ఆయన రాసిన ఉత్తరాలు చదువు.

ఆయన పేరు ఫిలిప్ హెంచ్. కార్టిసోన్ పరిశోధనలకు 1950లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఒకరిగా, అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్ళ జబ్బుల వైద్యుడిగా మాత్రమే ఆయన మన పాఠ్యపుస్తకాలలో కనిపిస్తాడు. ఆ పని చేస్తూనే, 1937 మొదలుకొని తన జీవితపు చివరి దాకా, అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ నాయకత్వంలో క్యూబాలో జరిగిన ఎల్లో ఫీవర్ ప్రయోగాల గురించి బతికున్న సాక్షులందరికీ ఉత్తరాలు రాశాడు. వచ్చిన జవాబులూ, తాను పంపిన ఉత్తరాల నకళ్ళూ, ఫొటోలూ, పటాలూ వేల సంఖ్యలో పోగుచేశాడు. ఆయన 1965లో పోయాక భార్య వాటిని వర్జీనియా విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. వాటిలో చాలా భాగం ఇప్పుడు మనం ఇంట్లో కూర్చొని చదువుకోవచ్చు. నీవు వెంటనే జవాబులలోకి దిగాలనుకుంటావని తెలుసు. అయినా ముందు హెంచ్ అడిగిన ప్రశ్నలు చదువు. ఒక వైద్యుడు రోగి చరిత్రను ఎంత ఓపికగా రాబడతాడో అంత ఓపికతో రాసిన ప్రశ్నలవి.

ఆయన పని మొదలుపెట్టేనాటికి పరిస్థితి ఏమిటో గుర్తుంచుకో. ఆ ప్రయోగాలు చేయడానికి అమెరికా సైన్యం నియమించిన కమిషన్ సభ్యులు నలుగురిలో జెస్సీ లాజియర్ 1900 సెప్టెంబరు 25న ఆ జ్వరంతోనే చనిపోయాడు. రీడ్ 1902లో, జేమ్స్ కారల్ 1907లో, అరిస్టిడెస్ అగ్రమాంటే 1931లో వెళ్ళిపోయారు. ఇక మిగిలింది దోమకాటుకు చెయ్యి చాచిన సిపాయిలు, వాళ్ళతో పనిచేసిన తోటి అధికారులు, విధవలు, పిల్లలు. పెద్దవాళ్ళు పోయిన కథకు చిన్నవాళ్ళే సాక్షులని హెంచ్ గ్రహించాడు. నీకిప్పుడు ఆ చిన్నవాళ్ళు కూడా లేరు గనుక మనవలు, మునిమనవలు, గ్రంథాలయాల అధికారులు నీ సాక్షులు. వాళ్ళలోనూ వయసులో పెద్దవారికి ముందు రాయి. వాయిదా వేయకు. నా అనుభవమే చెబుతాను. మా ప్రాంతంలో ఊరూరా తిరిగి టీకాలు వేసిన ఒక వృద్ధుడైన వ్యాక్సినేటరుకు సంక్రాంతి వెళ్ళాక తీరికగా రాద్దామనుకున్నాను. రాశాక జవాబు ఆయన కొడుకు దగ్గర్నుంచి వచ్చింది. ఆ పెద్దమనిషి పుష్యమాసంలోనే కాలం చేశారని, ఆయన దినచర్య పుస్తకాలు పాత కాగితాలతోపాటు తూకానికి వెళ్ళాయని అందులో ఉంది. ఆ కార్డు నా దగ్గర ఇప్పటికీ ఉంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. దాన్ని నీవు చేయకూడదని గట్టిగా చెబుతున్నాను. మొదటి రోజుల్లో నేను ప్రశ్నలోనే జవాబు పెట్టి పంపేవాణ్ణి. “ఆ ఏడాది జనం టీకాలకు భయపడి పొలాల్లో దాక్కున్నారు కదా?” అని అడిగితే, “అవునండీ, పొలాల్లో దాక్కున్నారు” అని ఆరుగురు రాశారు. ఆరు సాక్ష్యాలు దొరికాయని సంతోషించాను. నా వాక్యమే ఆరుసార్లు నాకు తిరిగి వచ్చిందని తెలుసుకోవడానికి రెండేళ్ళు పట్టింది. అందువల్ల చిన్న ప్రశ్నలు, కంటికి కనిపించిన వస్తువుల గురించిన ప్రశ్నలు అడుగు. ప్రయోగాల కోసం వేసి, లాజియర్ పేరు పెట్టిన శిబిరంలో, కలుషితమైన బట్టల గది ఒకటి ఉండేది. డాక్టర్ రాబర్ట్ కుక్, ఇద్దరు సిపాయిలు 1900 నవంబరు 30 రాత్రి నుంచి వరుసగా ఇరవై రాత్రులు ఎల్లో ఫీవర్ రోగుల వాంతులతో, మలంతో తడిసిన దుప్పట్ల మధ్య అందులో పడుకున్నారు. ఒక్కరికీ జబ్బు రాలేదు. బట్టల వల్ల అంటుతుందన్న నమ్మకం ఆ గదిలోనే కూలిపోయింది. అక్కడ పడుకున్నవాణ్ణి “మీకు భయం వేసిందా?” అని అడిగితే వీరగాథ వస్తుంది, “పొయ్యి ఏ మూల ఉండేది, తలుపు ఎటువైపు తెరుచుకునేది?” అని అడిగితే గది వస్తుంది. హవానా దగ్గరి మేరియానావ్ శివార్లలోని సాన్ హోసే అనే పొలంలో ఆ శిబిరం ఉన్న చోటును హెంచ్, పాత సిపాయి జాన్ మోరన్ సాయంతో గుర్తించగలిగాడంటే, ఆ బట్టల గది అప్పటికీ అక్కడ నిలిచి ఉందని తేల్చగలిగాడంటే, ఇటువంటి చిన్న ప్రశ్నలే కారణం. ఆ చోటును 1952లో స్మారక స్థలంగా ప్రారంభించారు.

ఒకే సంఘటన గురించి ఇద్దరికి రాసేటప్పుడు ఒకరి జవాబు రెండోవారికి చూపించకు. మోరన్, జాన్ కిస్సింజర్ ఇద్దరూ డబ్బు వద్దని చెప్పి ప్రయోగానికి ఒప్పుకున్నవాళ్ళు. కిస్సింజర్‌కు డిసెంబరు 8న జ్వరం వచ్చింది, మోరన్‌కు క్రిస్మస్ రోజున. నలభై ఏళ్ళ తర్వాత ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి అడిగితే, ముందు ఎవరు ముందుకొచ్చారన్న దగ్గరే ఉత్తరాలన్నీ చిక్కుకుపోతాయి. కిస్సింజర్ తర్వాతి కాలంలో కాళ్ళు పడిపోయి ఏళ్ళతరబడి మంచంలో ఉన్నాడు. భార్య ఇరుగుపొరుగు బట్టలు ఉతికి ఇల్లు నడిపింది. 1929లో అమెరికా కాంగ్రెసు ఈ ప్రయోగాలలో పాల్గొన్నవారి పేర్లతో ఒక గౌరవ జాబితా తయారుచేసి, బంగారు పతకంతోపాటు నెలకు 125 డాలర్ల పింఛను ఇచ్చింది. తాను చెప్పిన కథమీద పింఛను, పరువు రెండూ ఆధారపడిన మనిషి జ్ఞాపకాన్ని చదివేటప్పుడు ఈ సంగతి మరిచిపోకు. అలాగని అతణ్ణి అబద్ధాలకోరుగా చూడకు. అవసరం జ్ఞాపకాన్ని మెల్లగా ఒకవైపుకు వంచుతుంది; అది మన రోగులలో రోజూ చూస్తున్నదే.

జ్ఞాపకం ఎంత మంచిదైనా దానిపక్కన 1900 నాటి కాగితం ఒకటి ఉండాలి. రీడ్ 1900 డిసెంబరు 9న భార్యకు రాసిన ఉత్తరంలో, డిఫ్తీరియా మందును, కాఖ్ కనిపెట్టిన క్షయ క్రిమిని మినహాయిస్తే పందొమ్మిదో శతాబ్దంలో తమ పనే అత్యంత ముఖ్యమైనదిగా లెక్కకొస్తుందని ఉప్పొంగిపోయాడు. కిస్సింజర్‌కు జ్వరం వచ్చింది అంతకు ముందురోజే. అచ్చయిన నివేదికలో ఆ ఉద్వేగం కనిపించదు. ఒక్క రోజు తేడాతో రాసిన ఉత్తరం మాత్రమే దాన్ని పట్టుకుంటుంది. లాజియర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. సెప్టెంబరు 13న ఆసుపత్రిలో ఉండగా దోమ కుట్టిందని కమిషన్ నివేదిక రాసింది. అది ప్రమాదం కాదని, తనమీద తానే ప్రయోగం చేసుకున్నాడని అనుమానం అప్పట్నుంచీ ఉంది. అతను సెప్టెంబరు 8న, అప్పుడే పసిబిడ్డను కని అమెరికాలో ఉన్న భార్యకు రాస్తూ, అసలు క్రిమి జాడ దొరికినట్టు తోస్తోందని, ఇంకా ఎవరికీ చెప్పవద్దని రాశాడు. ఆ ఉత్తరం ఒక్కటీ నీ ముందు పెట్టుకొని, తర్వాతి వాళ్ళ వివరణలన్నీ దాని వెనుక పేర్చు. అప్పుడే ఎవరేం కలిపారో తెలుస్తుంది.

బొమ్మలను కూడా ఇదే తూకంతో చూడు. డీన్ కార్న్‌వెల్ 1939లో గీసిన ప్రసిద్ధ చిత్రంలో లాజియర్ దోమను కారల్ చేతిమీద పెడుతుంటే రీడ్ పక్కనే నిలబడి చూస్తుంటాడు. నిజానికి 1900 ఆగస్టు 27న అది జరిగినప్పుడు రీడ్ వాషింగ్టన్‌లో ఉన్నాడు. ఆ చిత్రాన్ని చూస్తూ పెరిగిన కుటుంబాలు దాన్ని తమ తాతల జ్ఞాపకంగా నీకు రాసి పంపుతాయి. అందుకు వాళ్ళమీద కోపం వద్దు. ఆ వాక్యం పక్కన పెన్సిలుతో ఒక గుర్తు పెట్టుకో, చాలు.

క్యూబావాళ్ళకు రాసేటప్పుడు వాళ్ళ వైద్యుడు కార్లోస్ ఫిన్లే పేరుతో మొదలుపెట్టు. ఇది మర్యాద కోసం చెబుతున్నది కాదు. 1881 ఆగస్టు 14న హవానా సైన్స్ అకాడమీలో ఈ దోమే వ్యాధిని మోస్తుందని చెప్పింది ఆయన. కమిషన్ ప్రయోగించిన దోమలు పొదిగింది ఆయన ఇచ్చిన గుడ్ల నుంచి. రోగిని కుట్టిన దోమ ఇంకొకరికి జబ్బు ఇవ్వాలంటే దాదాపు పన్నెండు రోజులు ఆగాలన్నది ఆయనకు తెలియలేదు. అమెరికాలోని మిసిసిపీలో హెన్రీ కార్టర్ అనే వైద్యుడు ఇళ్ళలో మొదటి రోగికీ తర్వాతి రోగులకూ మధ్య ఉన్న రోజులు లెక్కపెట్టి ఆ సందును చూపించాడు. మన సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రాస్ కూడా వాళ్ళ ముందున్న దారిలోనివాడే. ఈ వరుసలో రీడ్‌ను ఒక్కణ్ణే నిలబెట్టి రాసిన ఉత్తరానికి హవానా నుంచి జవాబు రాకపోతే ఆశ్చర్యపడకు.

ఇక నేను అన్నింటికంటే ఎక్కువగా నీ శ్రద్ధ కోరేది స్పానిష్ వలసకూలీల ఒప్పందపత్రాలమీద. కమిషన్ వాళ్ళతో స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంది. ఆంటోనియో బెనీగ్నో చేసుకున్న ఒప్పందం 1900 నవంబరు 26 నాటిది. ప్రయోగానికి ఒప్పుకుంటే 100 డాలర్ల అమెరికా బంగారం, జబ్బు వస్తే మరో వంద, చనిపోతే ఆ డబ్బు అతను చెప్పినవారికి. ప్రయోగాలు జరుగుతుండగా శిబిరం దాటి వెళితే ఏమీ రాదు. మన వృత్తిలో అంగీకారపత్రం చరిత్ర చెప్పేటప్పుడు దీన్ని గొప్ప ముందడుగుగా చూపిస్తారు, అది నిజమే. కానీ అందులో మరో వాక్యం ఉంది. ఈ ద్వీపంలో ఉన్నంతకాలం ఎలాగూ ఈ జ్వరాన్ని తప్పించుకోవడం అసాధ్యం గనుక, మంచి వైద్యం అందుతుందన్న నమ్మకంతో, కావాలనే దాన్ని తెచ్చుకోవడానికి అతను ఇష్టపడుతున్నాడని రాశారు. ఆ వాక్యం ఎవరు రాశారో, ఎవరు చదివి వినిపించారో, రోడ్డుపనికి ఓడ దిగిన ఒక కూలీకి అది ఎంతవరకు అర్థమైందో అడుగు. 1929 గౌరవ జాబితాలో వీళ్ళ పేర్లు లేవు. హెంచ్‌కు మోరన్ రాశాడు, అధికారులు రాశారు, లాజియర్ భార్య రాసింది. బెనీగ్నో తరఫున రాసినవాళ్ళు లేరు. స్పెయిన్‌లోని గలీసియా, అస్తూరియాస్‌ల నుంచి ఆ రోజుల్లో క్యూబాకు వెళ్ళినవారు ఎక్కువ. నీకు స్పెయిన్‌లో వలస రికార్డులు చూసే ఒక్క చర్చి గుమాస్తా అయినా దొరికితే, అతనికి పది ఉత్తరాలు రాయి. అమెరికా గ్రంథాలయాలకు వంద రాయడంకంటే అదే మేలు.

పనితీరు గురించి రెండు మాటలు చాలు. పంపిన ప్రతి ఉత్తరానికీ నకలు, దానిమీద తేదీ ఉంచుకో. అసలు కాగితాలు పంపమని ఎవరినీ అడగకు. ఫొటో తీసి పంపితే చాలని రాయి, కవరు ఫొటో కూడా అడుగు, ఎందుకంటే ఉత్తరంలో తేదీ లేకపోతే పోస్టు ముద్ర ఉంటుంది. కుటుంబంవాళ్ళు దాచుకున్నది నీవు అచ్చువేసేముందు వాళ్ళకు చూపిస్తానని మొదటి ఉత్తరంలోనే మాట ఇవ్వు, తర్వాత ఆ మాట మీద నిలబడు.

హెంచ్ తాను అనుకున్న పుస్తకం రాయలేదు. ఇంకొక ఉత్తరం వస్తే, ఇంకొక పటం దొరికితే అన్న ఆశ ఎంత బలమైనదో నాకు తెలుసు గనుక ఆయన్ను తప్పుపట్టలేను. నా బీరువాలో మూడు అరలు అలాగే ఉన్నాయి. నీవూ పుస్తకం రాయలేదని నేను అనే అవకాశం ఇవ్వకు. వచ్చే దీపావళికల్లా, ఎంత అసంపూర్ణంగా ఉన్నా సరే, బట్టల గది గురించి ఇరవై పేజీలు రాసి నాకు పంపించు. అంతకంటే ముందు బెనీగ్నో ఊరి కోసం రాయబోయే మొదటి ఉత్తరం చిత్తుప్రతి పంపు. అందులో ప్రశ్నలు ఎర్ర సిరాతో దిద్ది, నాలుగు రోజుల్లో తిప్పి పంపిస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న