వైఫైలో పింగ్ ఎగిరిపడుతుంటే ముందు రూటర్‌నే అడగండి

స్పీడ్ టెస్టులో 100 ఎంబీపీఎస్ వస్తున్నా, రాత్రిళ్లు వీడియో కాల్ ఆగి ఆగి వస్తోందా అండీ? రూటర్ ఉన్న గదిలోనే కూర్చొని దాని అడ్రస్‌కే (చాలావాటికి 192.168.1.1 ఉంటుంది) పింగ్ పెట్టండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడండి. మామూలుగా 10 మిల్లీసెకన్ల లోపే రావాలి. అక్కడే వందలు దాటుతుంటే తప్పు వైఫైదే, నెట్ వాళ్లకు ఫోన్ చేసి లాభం లేదు.

విజయవాడ సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంట్‌లోనూ ఇదే టెన్షన్. ఇంటికో రూటర్, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లోనే. అందులో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే, అందుకే ఒకరి సిగ్నల్ ఇంకొకరికి అడ్డొస్తుంది. ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాకే కుదురుకుంది. అది గోడలు అంతగా దాటదు, అందుకే రూటర్‌ను టీవీ వెనక నుంచి తీసి హాల్లో ఎత్తుగా పెట్టాం.

రూటర్ పింగ్ బాగుండి, ఎవరైనా ఫొటోలు అప్‌లోడ్ చేసినప్పుడే బయటి సైట్లకు పెట్టే పింగ్ పెరుగుతుంటే మాత్రం రూటర్ సెట్టింగుల్లో క్యూఓఎస్‌లో (ట్రాఫిక్‌కి వేగం పంచే చోట) అప్‌లోడ్‌ను లైను వేగంలో 90 శాతం దగ్గర ఆపి చూడండి.