తోడేలు వచ్చాడా, వచ్చిందా?

సందేహం: పదిహేడో శతాబ్దం చివర్లో, లివోనియాలో (నేటి లాత్వియా, ఎస్టోనియా ప్రాంతం) జరిగినట్టు ఒక ప్రేమకథ రాస్తున్నాను. నాయకుడు రాత్రిళ్ళు తోడేలుగా మారే మనిషి. నాయిక మంత్రగత్తె అని ఊరు వెలివేసిన అమ్మాయి. అతడు తోడేలుగా ఉన్నప్పుడు 'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా? వాళ్ళిద్దరూ కలిసి నడిచే చోట 'వెళ్ళారు' అనవచ్చా? ఆమె విద్యను బాణామతి అంటే తప్పా?

సమాధానం: మీరు తమిళంలోనో కన్నడంలోనో రాస్తుంటే చిక్కు ఇంత ఉండేది కాదు. 'వందాళ్' అంటే ఆడమనిషి, 'వందదు' అంటే జంతువు. కన్నడంలో 'బందళు', 'బందితు'. మనకు ఏకవచనంలో ఆమె వచ్చినా 'వచ్చింది', తోడేలు వచ్చినా 'వచ్చింది'. స్త్రీలూ తిర్యక్కులూ (జంతువులూ) జడాలూ కానివే మహత్తులని, అంటే 'వచ్చాడు' అనిపించుకునేవని, చిన్నయసూరి బాలవ్యాకరణం చెబుతుంది. ఆ లెక్కన మీ నాయకుడు తోడేలుగా మారగానే మహత్తుల్లోంచి జారి, వ్యాకరణంలో నాయిక పక్కన చేరతాడు. ముచ్చటగానే ఉంది గానీ, మనం కర్తను ఎగ్గొట్టి రాయడానికి అలవాటుపడ్డవాళ్ళం. 'చెట్టు కింద నిలబడి తలెత్తి చూసింది' అంటే అమ్మాయా, తోడేలా? ఆ ఘట్టాల్లో కర్తను వదలకండి.

ఇక అసలు ప్రశ్న. క్రియ ఒంటిని చూడదు, కర్తగా మీరు వాడిన మాటను చూస్తుంది. మారీచుడి కథ ఎవరు చెప్పినా చూడండి: 'బంగారు లేడి పరిగెత్తింది', ఆ వెంటనే 'మారీచుడు హా లక్ష్మణా అని అరిచాడు'. ఉన్నది ఒక్కడే. 'లేడి రూపంలో ఉన్న మారీచుడు పరిగెత్తింది' అని మాత్రం ఎవరూ అనరు. గజేంద్రుడు మొరపెట్టుకున్నాడు, ఏనుగు మొరపెట్టుకుంది. రెండూ తెలుగే. 'మగ తోడేలు' అన్నా లాభం లేదు. పుంజు కూసింది, ఎద్దు రంకె వేసింది అంటున్నామా లేదా? కాబట్టి నాయకుడి పేరు పెట్టి రాస్తే 'వచ్చాడు', తోడేలు అని రాస్తే 'వచ్చింది'. మార్పు జరిగే వాక్యంలోనే ఈ తేడాను వాడుకోవచ్చు: 'అతడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. లేచింది తోడేలు.' ఇంతకంటే వర్ణన అక్కర్లేదని నా అభిప్రాయం.

'తోడేలు వచ్చాడు' పూర్తిగా నిషిద్ధం కాదు. పెంపుడు కుక్కను 'మా టామీగాడు వచ్చాడు' అనేవాళ్ళు ఇంటింటా ఉన్నారు. నాయిక నోట, అదీ అతడెవరో తెలిశాక, ఆ మాట అనిపిస్తే బాగుంటుంది. కథకుడి నోట మాత్రం అనువాదం వాసన కొడుతుంది.

సర్వనామాల దగ్గర ఇంకో అవకాశం ఉంది. 'అది' అనే మాట జంతువుకూ చెల్లుతుంది, చులకన చేయదలచిన ఆడమనిషికీ చెల్లుతుంది. ఊరివాళ్ళు ఇద్దరినీ 'అది' అనే అంటారు. మీరు కథనంలో ఆమెను 'ఆమె' అనే ఉంచండి. ఎవరు ఎటువైపో పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు.

'వెళ్ళారు' సంగతి. అతడు మనిషిగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు, బహువచనంలో ఆడా మగా ఒకటే. తోడేలుగా ఉంటే 'ఆమె, తోడేలు వెళ్ళారు' అన్నది చెవికి ఆనదు, 'వెళ్ళాయి' అంటే ఆమెకు అవమానం. మహాప్రస్థానం చెప్పేవాళ్ళు దీన్ని ఎప్పుడో తప్పించుకున్నారు: ధర్మరాజు నడిచాడు, వెంట కుక్క నడిచింది. చివర్లో ఆ కుక్కే యమధర్మరాజై ప్రత్యక్షమయ్యాడు. మీరూ 'ఆమె వెంట తోడేలు నడిచింది' అనండి. ఒకవేళ ఇద్దరూ తోడేళ్ళయితే భారతంలోని కిందముడనే ముని కథ గుర్తుచేసుకోండి. పాండురాజు కంటికి అవి రెండు లేళ్ళు. బాణం తగిలి శాపం పెట్టేవేళకు వాళ్ళు ఇద్దరు, మునీ ఆయన భార్యా. 'రెండూ', 'ఇద్దరూ' అన్న ఎంపిక చూసేవాడి కంటిని బట్టి ఉంటుంది.

లివోనియా అన్నారు కనుక ఒక మాట. అక్కడ 1691-92లో థీస్ అనే ముసలాయన కోర్టులో నిలబడి, తాను తోడేలుగా మారే మాట నిజమేననీ, తనలాంటివాళ్ళు దేవుడి వేటకుక్కలనీ, పంటను ఎత్తుకుపోయే మంత్రగాళ్ళతో నరకానికి వెళ్ళి పోరాడతారనీ వాదించాడు. కొరడా దెబ్బల శిక్ష పడింది. ఆయన లెక్కలో తోడేలుకు మంత్రగత్తె శత్రువు, మీ కథకు కావలసినంత ముడిసరుకు. ఆయన వాదన తెలుగులో రాస్తే 'మేము వేటకుక్కలం, మేము వెళ్ళాం' అవుతుంది. ఉత్తమపురుషలో లింగభేదమే లేదు. నాయకుడి చేతే కథ చెప్పిస్తే మీ మొదటి సందేహం చాలామటుకు తీరిపోతుంది. 'వచ్చెను' అని గ్రాంథికంలో రాసినా తీరుతుంది, అతడు వచ్చెను, ఆమె వచ్చెను, అది వచ్చెను. కానీ నవలంతా అలా చదివే ఓపిక ఇప్పుడెవరికుంది?

బాణామతి వద్దు. ఆ మాట వినగానే తెలంగాణ పల్లె కళ్ళకు కడుతుంది, చిల్లంగి అంటే కోస్తా. లివోనియా అమ్మాయికి మంత్రగత్తె చాలు. అందగాడు, అందగత్తె లాగే మంత్రగాడు, మంత్రగత్తె. అచ్చమైన తెలుగు కూర్పు.