రక్తం కక్కుకుంటూ వచ్చే సిరోసిస్ పేషెంటు: బుజ్జికి ఉత్తరం

చి. బుజ్జికి పెద్దనాన్న దీవెనలు.

మొన్న రాత్రి డ్యూటీలో సిరోసిస్ (లివర్ గట్టిపడిపోయే జబ్బు) పేషెంటు బేసిన్ నిండా రక్తం కక్కుకుంటే చేతులు వణికాయన్నావు. రిటైరయ్యేదాకా నాకూ వణికేవి తల్లీ.

ఇంట్లోవాళ్లు చుట్టూ మూగి "రక్తం ఎక్కించండి డాక్టరమ్మా" అంటారు. ఏళ్ల తరబడి నేను తప్పు చేసింది అక్కడే. హిమోగ్లోబిన్ 10 దాటేదాకా బాటిల్ మీద బాటిల్ పెట్టేవాణ్ణి. ఆగిన రక్తం తెల్లారేసరికి మళ్లీ మొదలయ్యేది. గట్టిపడ్డ లివర్ గుండా దారి దొరక్క, పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలో పెరిగిన ఒత్తిడే కదా అన్నవాహిక నరాల్ని ఉబ్బించింది! పైనుంచి మనం పోసేదీ ఆ ఒత్తిడినే పెంచుతుంది. 2013లో బార్సిలోనా డాక్టర్ల అధ్యయనం చదివాకే నా చెయ్యి అదుపులోకొచ్చింది. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే ఎక్కించు, 7-8 మధ్య ఆపు. సెలైనూ అంతే, ప్లాస్మా కూడా. రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ ఎక్కువుందని ప్లాస్మా పోయకు. బీపీ అందనంతగా కారిపోతుంటే మాత్రం అంకె కోసం కూర్చోకు.

మీ దగ్గర ఎండోస్కోపీ లేకపోతేనేం? పోర్టల్ ఒత్తిడి తగ్గించే టెర్లిప్రెస్సిన్ 2 మిల్లీగ్రాములు సిరలోకి ఇవ్వు, నాలుగు గంటలకోసారి. ముందు ఈసీజీ తీయించు. గుండెజబ్బు ఉంటే ఆక్ట్రియోటైడ్ మేలు: 50 మైక్రోగ్రాములు ఒక్కసారిగా, తర్వాత గంటకు 50. యాంటీబయాటిక్, సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రాము, అందరూ మర్చిపోతారు. జ్వరం లేకపోయినా ఇవ్వాలి, ఇన్ఫెక్షన్ వస్తే రక్తం మళ్లీ కారుతుంది. ఇవన్నీ పడ్డాకే 108 ఎక్కించు. మనిషి మత్తుగా ఉండి కక్కుతుంటే గొంతులో ట్యూబు వేయకుండా పంపకు. అవతలి డాక్టరుకు నువ్వే ఫోను చెయ్యి, 12 గంటల్లోపు ఎండోస్కోపీతో ఆ ఉబ్బిన నరాలకు రబ్బరు బ్యాండ్ పడాలి.

తిరిగొచ్చినవాళ్లు "ఆగిపోయిందిగా" అని మళ్లీ బ్యాండింగుకు వెళ్లరు. నరాలు పూర్తిగా మూసుకుపోయేదాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి వెళ్లాల్సిందే. పోర్టల్ ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్ మాత్ర ఆపొద్దని చీటీ మీద పెద్దక్షరాలతో రాయి. పై బీపీ 90 కంటే తగ్గితే మాత్రం నీ దగ్గరకే రమ్మను. తాగుడు మానమని నువ్వెలాగూ చెబుతావు. ఊళ్లో ఆర్ఎంపీ నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ సంగతి కూడా చెప్పు, అది చేసే చేటు ఎవరికీ తెలీదు.

అన్నట్టు, మీ టెర్లిప్రెస్సిన్ స్టోరులో ఉందన్నావు. రాత్రిపూట ఆ తాళం ఎవరి దగ్గర ఉంటుందో రేపు సాయంత్రమే కనుక్కో.