సైన్ 30 నొక్కితే మైనస్ ఎందుకొచ్చింది?

ప్రశ్న: ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ యాప్ వేసుకున్నాను. సైన్ 30కి 0.5 రావాలి కదా, -0.988 వస్తోంది. యాప్ మార్చేయాలా?

జవాబు: అక్కర్లేదండీ. మీరు డిగ్రీలనుకున్నారు, యాప్ రేడియన్లనుకుంది (కోణాన్ని కొలిచే ఇంకో ప్రమాణం). 30 రేడియన్ల సైన్ విలువ నిజంగానే -0.98803. తెర మీద ఓ మూల చిన్న అక్షరాల్లో ‘డెగ్’ అనో ‘రాడ్’ అనో ఉంటుంది, దాన్ని నొక్కితే మోడ్ మారుతుంది. అయితే కొన్ని యాప్‌లలో ఆ బటన్ మీద కనిపించేది ఇప్పుడున్న మోడ్ కాదు, నొక్కితే రాబోయే మోడ్. చాలామంది తికమకపడేది ఇక్కడే. అందుకని బటన్ మీద రాతను పక్కనబెట్టి, లెక్క మొదలుపెట్టే ముందు సైన్ 30 నొక్కి చూసుకోండి. 0.5 వస్తే డిగ్రీలు, -0.988 అయితే రేడియన్లు. 0.454 వచ్చిందంటే లంబకోణాన్ని 100 భాగాలు చేసే గ్రేడియన్లలో ఉన్నట్టు.

పనిలో పనిగా డిగ్రీల మోడ్‌లో టాన్ 90 కూడా నొక్కండి. దానికి విలువ లేదు కాబట్టి ఎర్రర్ రావాలి. అలా కాక 1.633×10¹⁶ లాంటి సంఖ్య వస్తే, యాప్ 90 డిగ్రీలను లోపల రేడియన్లలోకి మార్చి, π/2ను 16 అంకెల దగ్గర తెంచేస్తోందన్నమాట. మామూలు లెక్కలకు దీంతో ఇబ్బంది లేదు. పెద్ద సంఖ్యల తీసివేతల్లో మాత్రం జవాబే ఎగిరిపోతుంది: అలాంటి యాప్‌లో 10²⁰ + 1 − 10²⁰ వేస్తే 1 బదులు 0 వస్తుంది.

ప్రశ్న: 6÷2(1+2)కి నా యాప్ 9 అంటోంది, స్నేహితుడి కాలిక్యులేటర్ 1 అంటోంది. ఏది ఒప్పు?

జవాబు: రెండూ తమ తమ నియమం ప్రకారం ఒప్పే. గుణకారం గుర్తు వదిలేసి రాసినప్పుడు కాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్ 2(1+2)ను ఒకే ముద్దగా తీసుకుని ముందు తేలుస్తుంది, 1 వస్తుంది. టీఐ-84 ప్లస్ ఎడమ నుంచి కుడికి వెళ్తుంది, 9 వస్తుంది. ఈ లెక్క సరదాకి సరే, అసలు దెబ్బ 1÷2π దగ్గర తగులుతుంది: ఒకదాంట్లో 0.159, ఇంకోదాంట్లో 1.571. భౌతికశాస్త్రంలో పౌనఃపున్యం కట్టేటప్పుడు ఇది దాదాపు పదింతల తప్పు. 1÷(2×π) అని బ్రాకెట్ వేసి కొట్టండి, ఏ యాప్ అయినా 0.159 ఇస్తుంది.

ప్రశ్న: 1ని 6.022×10²³తో భాగిస్తే 1.66×10²² వచ్చింది. తప్పెక్కడ?

జవాబు: ‘×10’ని విడిగా కొట్టారు. యాప్ ముందు 1÷6.022 చేసి, ఆ వచ్చినదాన్ని 10²³తో గుణించింది. ఘాతానికి ‘ఎక్స్‌ప్’ లేదా ‘ఈఈ’ అనే బటన్ ఉంటుంది, 6.022, ఆ బటన్, 23 వరసగా నొక్కితే అంతా ఒకే సంఖ్య అవుతుంది, 1.66×10⁻²⁴ వస్తుంది. ఆ బటన్‌కు ముందు మళ్లీ ‘×10’ కొట్టకండి, యాప్ మళ్లీ 1÷6.022 ముందు చేసేసి 10×10²³తో గుణిస్తుంది, 1.66×10²³ వస్తుంది.