పట్టణ ప్రణాళిక చరిత్ర చదవబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

చరిత్ర పేపర్లో ఇన్ని పేర్లు ఎలా గుర్తుపెట్టుకోవాలని టెన్షన్ పడుతూ రాశావు. పేర్ల సంగతి తర్వాత. ఎవరి గురించి చదివినా, వాళ్లు గీసిన ప్లాన్ పక్కన ఇవాళ్టి ఊరి మ్యాప్ పెట్టి చూడు. రెండిటికీ తేడా ఎక్కడొచ్చింది, ఎవరి వల్ల వచ్చింది అని వెతుకు.

ఇల్డెఫోన్స్ సెర్డాతో మొదలుపెట్టు. అందరూ పారిస్‌ను మార్చిన అధికారి ఓస్మాన్‌తో మొదలుపెడతారు, నాకు సెర్డానే ఇష్టం. బార్సిలోనా పాత కోటగోడల్ని 1854లో కూల్చడం మొదలుపెట్టారు. అప్పటిదాకా గోడల లోపల జనం కిక్కిరిసి ఉండేవారు, కలరా వచ్చిపోతుండేది. సెర్డా సివిల్ ఇంజినీరు. గీత గీసే ముందు కార్మికుల జీతాలు, ఇంటి ఖర్చులు, వాళ్లుండే ఇళ్ల పరిస్థితి లెక్కలు కట్టాడు. గోడల బయట ఊరిని విస్తరించడానికి ఆయన 1859లో గీసిన ప్లాన్‌లో, వీధుల మధ్య ఒక్కో బ్లాకు ఒక్కో వైపు సుమారు 113 మీటర్లుండే చదరం. కూడళ్ల దగ్గర చూపు ఆనాలని మూలలు ఏటవాలుగా కోశాడు. చాలా బ్లాకుల్లో రెండు వైపులే ఇళ్లు, మిగతాది తోట. కట్టేటప్పుడు ఏమైంది? స్థలాల యజమానులు నాలుగు వైపులా కట్టేశారు, ఆ తర్వాత మధ్యలోనూ నింపేశారు. వీధులు మిగిలాయి, తోటలు పోయాయి. వీధి అందరిదీ, స్థలం సొంతదారుదీ కావడమే దీనికి కారణం.

ఎబెనెజర్ హోవర్డ్ దగ్గరా భూమి ఎవరిదనేదే చూడు. ఆయన బ్రిటన్ పార్లమెంటులో షార్ట్‌హ్యాండ్ రాసే ఉద్యోగి. (ఈ రంగాన్ని మార్చినవాళ్లలో ప్లానింగ్ డిగ్రీ ఉన్నవాళ్లు ఎంత తక్కువో!) 1898లో తోట నగరాల (గార్డెన్ సిటీల) గురించి పుస్తకం వేశాడు, 1903లో ఇంగ్లండ్‌లో అలాంటి ఊరు లెచ్‌వర్త్ కట్టడం మొదలైంది. భూమి ఉమ్మడిగా ఉండాలి, దాని విలువ పెరిగితే ఆ లాభం ఊరికే చెందాలి అన్నది ఆయన అసలు ఆలోచన. తర్వాతివాళ్లు చాలామంది చెట్లను కాపీ కొట్టి, ఈ లెక్కను వదిలేశారు.

ఓస్మాన్ 1853 నుంచి 1870 దాకా పారిస్‌ను తిరగరాశాడు. వెడల్పు రోడ్ల ఫొటోల దగ్గరే ఆగిపోకు. వాటి కింద ఇంజినీరు బెల్‌గ్రాండ్ వేసిన మురుగు కాలువలు చూడు, అద్దెలు భరించలేక శివార్లకు పోయిన పేదల్నీ చూడు. చివరికి అప్పుల మీద గొడవ ముదిరి ఆయన పదవే పోయింది.

ఆర్కిటెక్ట్ లె కోర్బుజియేకి ఒక పూట చాలు. పారిస్ నడిబొడ్డును కూల్చి టవర్లు లేపాలన్న ఆయన 1925 ప్లాన్ కాగితం మీదే ఆగిపోవడం మంచిదైంది. న్యూయార్క్‌లో రోడ్లు, వంతెనలు కట్టించిన అధికారి రాబర్ట్ మోజెస్‌కూ, ఆయన్ని ఎదిరించిన రచయిత్రి జేన్ జేకబ్స్‌కూ జరిగిన గొడవను మాత్రం హీరో-విలన్ సినిమాలా చదవకు. ఎన్నికల్లో ఒక్కసారీ గెలవని మోజెస్‌కు అంత అధికారం ఎలా దొరికింది? ఆ వంతెనల మీద వసూలైన టోల్ డబ్బులు ఎటు పోయాయి? ఆ సంగతి వాళ్ల మాటల పోరు కంటే ఎక్కువ నేర్పుతుంది.

ఆఖర్న పాట్రిక్ గెడ్డెస్. జీవశాస్త్రం చదివిన స్కాట్లాండ్ వాడు. 1914లో భారతదేశానికి వచ్చి ఊరూరా తిరిగి నివేదికలు రాశాడు. ఇరుకు పేటల మధ్యనుంచి తిన్నటి రోడ్డు వేయాలని అధికారులు అంటే, పాడుబడ్డ కొద్ది ఇళ్లు తీసేస్తే గాలీ దారీ వస్తాయి, ఖర్చూ తక్కువే అని చూపించేవాడు. ఆయన రాత మెలికలు తిరిగి ఉంటుంది, విసుక్కోకు. ఏ ఇల్లు ఉంచాలి, ఏది తీయాలి అని చెప్పే పేజీలు ముందు చదువు. అర్థం కాని చోట గుర్తు పెట్టి పంపు, కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మావయ్య