డేటా సైన్స్ కోర్సు కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి కరీంనగర్‌లో బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇకమీదట వ్యాపారాలైనా నగరాలైనా బిగ్ డేటా (కుప్పలుగా పోగయ్యే సమాచారం), ప్రిడిక్టివ్ అనలిటిక్స్ (పాత లెక్కలతో జరగబోయేది అంచనా కట్టడం) మీదే నడుస్తాయంటూ ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు. అప్పు చేసైనా చేర్పించమంటారా సార్?

జవాబు: అప్పు చేయకండి. ఈ రంగానికి పునాది స్టాటిస్టిక్స్. అది మీ అమ్మాయి ఇప్పటికే చదువుతోంది. పైథాన్, ఎస్‌క్యూఎల్ లాంటి కంప్యూటర్ భాషలు ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాల్లో ఉచితంగా నేర్చుకోవచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

అసలు ఈ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలోని షికాగోలో 15 వేలకు పైగా హోటళ్లు, తినుబండారాల షాపులు ఉంటే, వాటిని తనిఖీ చేసేవాళ్లు మూడు డజన్ల మందే. ముందు ఎక్కడికి వెళ్లాలి? నగర అధికారులు పాత రికార్డులన్నీ కలిపి చూశారు. గతంలో దొరికిన లోపాలు, చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, చుట్టుపక్కల చెత్త మీద ఫిర్యాదులు, గత మూడు రోజుల ఎండ, చివరికి ఆ వీధిలో జరిగిన దొంగతనాలు కూడా లెక్కలోకి తీసుకున్నారు. 2014 సెప్టెంబరు, అక్టోబరు తనిఖీలతో పోల్చి చూస్తే, ఆ లెక్కలతో తయారైన అంచనా సూత్రం, అంటే మోడల్, చెప్పిన వరుసలో వెళితే తీవ్రమైన లోపాలు సగటున 7.5 రోజులు ముందే బయటపడతాయని తేలింది. వారం రోజులంటే ఎంతమంది ఆ భోజనం తింటారో ఆలోచించండి! కొత్తగా ఒక్క ఉద్యోగిని కూడా తీసుకోకుండా, వెళ్లే వరుస మార్చితే వచ్చే ఫలితం ఇది. ఆ కోడ్‌ను, ప్రోగ్రామ్‌లు పంచుకునే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో అందరికీ తెరిచి పెట్టారు. మీ అమ్మాయిని ఈ సెలవుల్లో చదవమనండి. అందులో ఉన్నది ఆమె సిలబస్‌లోని లెక్కల తరహాదే.

అమెరికాలోనే బోస్టన్ నగరం కథ దీనికి రెండో వైపు. కారులో పెట్టిన ఫోన్ కుదుపును బట్టి రోడ్డు మీద గుంతలు పట్టే యాప్ ఒకటి అక్కడ తెచ్చారు. మంచి ఆలోచనే. కానీ పేదలు, వృద్ధులు ఎక్కువగా ఉండే వాడల్లో స్మార్ట్‌ఫోన్లు తక్కువ. అంటే డేటాను మాత్రమే నమ్మితే ఆ వాడల్లో గుంతలే లేనట్టు కనిపిస్తుంది. వ్యాపారంలోనూ అంతే. ఇళ్ల ధరలు ముందే అంచనా వేసి కొని అమ్మిన అమెరికా కంపెనీ జిల్లో, అంచనాలు తప్పి 2021 నవంబరులో ఆ విభాగాన్నే మూసేసింది. నాలుగో వంతు ఉద్యోగుల్ని తీసేస్తున్నట్టు ప్రకటించింది.

మోడల్ నడపడం సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. ఈ డేటా ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎవరు ఇందులో లేరు అని అడగడం మాత్రం మనిషి పని. శాంప్లింగ్ (కొందరిని ఎంచి అందరి గురించి అంచనా కట్టడం), రిగ్రెషన్ (ఒకదాని మీద మరొకటి ఎంత ఆధారపడిందో లెక్కించడం) గట్టిగా వచ్చినవాళ్లకే ఆ ప్రశ్న తడుతుంది. ఆరు నెలల కోర్సుల్లో చాలావాటిలో వేగంగా దాటేసేది సరిగ్గా ఆ భాగమే.

డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఆమెకు మంచి దారి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది కాబట్టి మూడో సంవత్సరం మొదట్లోనే ప్రిపరేషన్‌కు కూర్చోవాలి. ప్రభుత్వ ఉద్యోగం ఇష్టమైతే యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్న డిగ్రీ చాలు.

ఈలోగా ఒక చిన్న పని చేయమనండి. కాలేజీకి వెళ్లే బస్సు రోజూ ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో, ఆ రోజు వాన పడిందా, సంత ఉందా అని రెండు నెలలు నోట్‌బుక్‌లో రాయాలి. తర్వాత మూడో నెల ఆలస్యాన్ని ముందే అంచనా కట్టి, నిజంగా జరిగినదానితో సరిచూసుకోవాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఆ నోట్‌బుక్ గురించే ఎక్కువసేపు మాట్లాడగలదు. ఆమె కాలేజీకి వెళ్లని రోజుల్లో బస్సు ఎలా నడిచిందని ఎవరైనా అడిగితే, దానికీ జవాబు సిద్ధంగా ఉంచుకోమనండి.